మంచు తిరునాళ్లు

మన దేశమున యాత్రకు పోదలచినవాడు మొదట పంచాంగము చూచును. గోదావరి పుష్కరములకు బృహస్పతి సింహరాశిలో ప్రవేశింపవలెను. కోటప్పకొండ తిరునాళ్లకు మహాశివరాత్రి రావలెను. ఉత్తర దేశములలో చలికాలమున జరుగు మంచు శిల్పముల ఉత్సవమునకు పోదలచినవారికి నదియే పంచాంగము. నది గడ్డకట్టినగాని పండుగ లేదు. గడ్డ కరగినచో పండుగ నిలువదు. ఈ యాత్రకు సన్నాహము చేయువారు టిక్కెట్టులు, ఉన్నిబట్టలు విచారించుటకు ముందు దీని పూర్వవృత్తాంతము కొంత తెలిసికొన్నచో, అచ్చట చూడబోవునది ఏమో బోధపడును. అందులో ఒక భాగము వినసొంపుగా ఉండదు. అయినను దానితోనే ఆరంభింపవలసియున్నది.

1739వ సంవత్సరాంతమున ఐరోపా ఖండమునకు భయంకరమైన చలి సంభవించెను. రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గులో నీవా నది లోతుగా గడ్డకట్టెను. అప్పుడు సింహాసనమున నున్నది మహారాజ్ఞి అన్నా ఇవానోవ్నా. తురుష్కులతో జరిగిన యుద్ధము ఆ యేడే ముగిసినది. సంధిని వేడుకలతో జరుపుకొనవలెనని ఆమె సంకల్పము. నదిలోని మంచుగడ్డలతో ఒక మేడ కట్టింతమని ఆస్థానమున ఒక ఉద్యోగి సూచించెను. రాజ్ఞి సంతోషించెను. మొదట నదిమీదనే కట్టబూనిరి గాని, గోడలు కొంత లేచునప్పటికి క్రిందనున్న మంచు బరువునకు లొంగిపోయెను. అంతట పనిని మాని, నౌకానిర్మాణశాలకు రాజప్రాసాదమునకు నడుమ నేలమీద మరల ఆరంభించిరి. నిర్మాణమునకు వాస్తుశిల్పి ప్యోత్ర్ యెరొప్కిన్. వేడుకల కన్నిటికిని అధికారి మంత్రి వొలీన్‌స్కీ.

ఆ మేడను గూర్చి మనకు వివరముగా తెలియుటకు కారణము ఒక భౌతికశాస్త్రాచార్యుడు. ఆ నగరపు శాస్త్రపరిషత్తులోని గెయోర్గ్ క్రాఫ్ట్ దానిని స్వయముగా పరీక్షించి, కొలతలతోను పటములతోను ఒక పుస్తకము 1741లో ప్రకటించెను. మేడ పొడవు సుమారు 56 అడుగులు, వెడల్పు 17 అడుగులకు పైచిలుకు, ఎత్తు 21 అడుగులు. కొలతలనుబట్టి చూచినచో ఇది పెద్ద కట్టడము కాదు. మన పల్లెలలోని మోతుబరి రైతు ఇంటికి సరిపోలును. దాని ఘనత పరిమాణములో లేదు. గడ్డలను చతురముగా చెక్కి, ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ నీరు పోసిరి. ఆ నీరే గడ్డకట్టి సున్నము వలె పట్టుకొనెను. మేడంతయు ఒక్క నీలిరాతిలో తొలిచినట్లు కనబడెనట. లోపల అద్దపుబల్ల, గడియారము, మంచము, దిండ్లు, పాదరక్షలు సమస్తమును మంచే. పొయ్యిలో మంచు కట్టెలకు నాఫ్తా పూసి వెలిగించిరి. వాకిట ఆరు ఫిరంగులు నిలిపిరి; పావు పౌను మందు దట్టించి వాని నిజముగానే పేల్చిరి. ఒక మారు పేల్చిన గుండు అరువది అంగల దూరమున రెండంగుళముల మందముగల పలకను తొలుచుకొని పోయెను. ప్రక్కనే నిలువెత్తు మంచు ఏనుగు. పగలు తొండముతో నీరు చిమ్మును, రాత్రి మండుచున్న నూనె చిమ్మును. దాని కడుపులో ఒక మనిషి కూర్చుండి బాకా ఊది ఘీంకారము వినిపించెను. ఆ చలిలో ఆ కడుపులో కూర్చున్నవాని పేరు క్రాఫ్ట్ వ్రాయలేదు.

ఇంత శ్రమయు ఎందులకు? ఒక పెండ్లి కొరకు. మిహయీల్ గొలీత్సిన్ అను రాజకుమారుడు విదేశములలో ఒక ఇటలీ వనితను వివాహమాడి, ఆమె మతమైన కథోలిక మతమును స్వీకరించెను. ఈ సంగతి రాజ్ఞికి తెలిసెను. దానికి శిక్షగా నలువది యేండ్లు దాటిన ఆ కులీనుని ఆస్థాన విదూషకునిగా చేసి, అతిథులకు క్వాస్ అను పానీయము అందించు పనికి నియమించిరి. పిమ్మట అవ్‌దోత్యా బుఝెనీనొవా అను కల్మికు జాతి పరిచారికతో అతనికి పెండ్లి నిశ్చయించిరి. బుఝెనీనా యనునది రాజ్ఞికి ప్రీతిపాత్రమైన ఒక మాంసపు వంటకము. ఆ వంటకము పేరే పరిచారికకు ఇంటిపేరైనది.

1740 ఫిబ్రవరి 6వ తేదీన వధూవరులను ఒక బోనులో పెట్టి, బోనును ఏనుగుపై కెక్కించి ఊరేగించిరి. సామ్రాజ్యములోని నానా జాతులనుండి ఇద్దరిద్దరిని రప్పించి, ఒంటెలు, దుప్పులు, కుక్కలు, పందులు లాగు బండ్లలో వెంట నడిపించిరి. పెండ్లిపద్యము వ్రాయుటకు త్రెద్యకోవ్‌స్కీ అను కవిని మంత్రి వొలీన్‌స్కీ పిలిపించి, మాట పెడసరముగా నున్నదని కొట్టించెను. దెబ్బలు తిన్న కవి ముసుగు వేసికొని వచ్చి పద్యము చదివెను. రాత్రి దంపతులను మంచు మంచముపై విడిచి, తెల్లవారువరకు బయటికి రానీయకుండ వాకిట కావలి పెట్టిరి. వధువు తన ముత్యాలహారమును కావలివాని కిచ్చి ఒక గొఱ్ఱెతోలు కోటు సంపాదించెననియు, దానిచేతనే ఇద్దరును బ్రదికిరనియు ఒక కథ కలదు. కథ యెట్లున్నను వారు బ్రదికిరి. అదే సంవత్సరము జూనులో వొలీన్‌స్కీకిని, మేడ కట్టిన యెరొప్కిన్‌కును రాజద్రోహనేరముపై ఒకే దినమున మరణశిక్ష జరిగెను. అక్టోబరులో రాజ్ఞియు గతించెను. అటుపిమ్మట విదూషకులకు విముక్తి లభించెను.

పందొమ్మిదవ శతాబ్దమున మంచుమేడ రాజుల చేతినుండి పట్టణ వర్తకుల చేతికి వచ్చెను. కెనడాలోని మాంట్రియలులో 1883లో ఒక మేడ లేచెను. 1886లో అమెరికాలోని సెయింట్ పాల్ పట్టణమున మరియొకటి లేచెను. అప్పటికి మంచుగడ్డ కేవలము వినోదవస్తువు కాదు, ఓడలలో రవాణా యగు సరకు. చెరువులనుండి గడ్డలను గుఱ్ఱపు రంపములతో కోసి, రంపపుపొట్టులో కప్పి, బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో కలకత్తాకు పంపెను. మదరాసు సముద్రతీరమున ఆ గడ్డలను దాచుటకు కట్టిన గుండ్రని భవనమును మనవారిలో ఎందరో చూచియుందురు. 1897లో వివేకానందస్వామి అందులో విడిది చేసెను. దానికి ఆయన పేరు పెట్టినను, ఊరివారు ఐస్‌హౌస్ అని పిలుచుట మానలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. మన భాషలో తెల్లవారుజామున గడ్డిపై నిలుచునదియు మంచే, కొండపై కురియునదియు మంచే, గాజు వలె గడ్డకట్టునదియు మంచే. లంబసింగిలో ఉష్ణమానము సున్నకు దగ్గరైన నాడు పత్రికలలో వార్త ప్రకటించు మనకు ఇంతకంటె పదములు అవసరము కాలేదు. కాని యాత్రికునకు ఈ భేదము ముఖ్యము. జపానులోని సప్పోరోలో చూడదగినది ప్రధానముగా కురిసిన హిమముతో దిమ్మెచేసి చెక్కిన తెల్లని శిల్పము. చీనాలోని హర్బిన్‌లో చూడదగినది నదినుండి కోసిన గడ్డతో కట్టిన పారదర్శకమైన మేడ. ఒకటి సుద్దవంటిది, మరియొకటి గాజువంటిది.

సప్పోరో ఉత్సవమునకు బీజము వేసినవారు బడిపిల్లలు. ఆ పట్టణము నడుమ ఓదోరి యను విశాలమైన వీథి కలదు. అగ్నిప్రమాదము ఒక వైపునుండి మరియొక వైపునకు ప్రాకకుండుటకై 1871లో దానిని ఖాళీగా విడిచిరి. శీతకాలమున వీథులనుండి ఎత్తిన హిమమును అచ్చటనే పోయుచుండిరి. యుద్ధములో ఓడి, దేశము ఇంకను పరుల ఆధీనమున నున్న 1950లో, విద్యార్థులు ఆ ఓదోరిలో ఆరు శిల్పములు నిలిపిరి. అనుకొన్నదానికి మించి జనము వచ్చిరి. 1955నుండి సైనికులు పనికి తోడుపడుటచే భారీ శిల్పములు సాధ్యమయ్యెను. 1972 శీతకాల ఒలింపిక్ క్రీడలు అచ్చటనే జరుగుటచే ఊరి పేరు లోకమంతట వినబడెను. నీవా తీరపు మేడ చరిత్ర చదివిన పిదప ఈ బడిపిల్లల సంగతి చదివినచో మనస్సు కొంత తేరుకొనును. ఒక సంగతి జ్ఞాపకముంచుకొనదగును: హిమము తక్కువగా కురిసిన 2020లో దూరమునుండి లారీలలో తెప్పింపవలసి వచ్చెను, 2021లో అంటువ్యాధి కారణముగా వీథిలో పండుగయే జరుగలేదు.

హర్బిన్ చరిత్ర వేరు. 1898లో రష్యనులు రైలుమార్గము వేయుటతో సుంగారి నదీతీరమున పెరిగిన పట్టణమది. చీనావారు ఆ నదిని సొంగ్‌హువా యందురు. రష్యను క్రైస్తవులు జనవరి నెలలో నదిపై మంచు సిలువ నిలిపి స్నానపర్వము జరుపుచుండిరి. కాని ఉత్సవమునకు మూలము జాలరుల దీపమందురు. బొక్కెనలో నీరు పోసి బయట పెట్టినచో అంచులనుండి గడ్డకట్టును. నడిమి నీరు గడ్డకట్టకముందే దానిని పారబోసి, ఆ గుల్లలో క్రొవ్వొత్తి నిలుపుదురు. గాలికి ఆరని లాంతరు, ఖర్చు లేదు. 1963లో జావోలిన్ ఉద్యానమున ఇట్టి లాంతరుల ప్రదర్శనము తొలిసారి జరిగెను. సాంస్కృతిక విప్లవకాలమున అది ఆగిపోయి, 1985 జనవరి 5వ తేదీన నేటి ఉత్సవముగా వెలసెను. 1999నుండి నది ఆవలి ఒడ్డున మంచు మేడల నగరమే ఏటేట లేచుచున్నది. గడ్డ పైనుండి మెల్లగా పేరుకొనునప్పుడు గాలిబుడగలను క్రిందికి త్రోయును గనుక నదిగడ్డ స్వచ్ఛముగా నుండును. డిసెంబరులో దానిని రంపములతో కోయుదురు. క్రొవ్వొత్తులకు బదులు నేడు విద్యుద్దీపములను గడ్డల నడుమనే అమర్చుదురు.

యాత్రకు తగిన కాలము హర్బిన్‌కు జనవరి, సప్పోరోకు ఫిబ్రవరి మొదటి వారములు. హర్బిన్‌లో రాత్రులు సున్నకు దిగువ 25 డిగ్రీల సెంటిగ్రేడు సాధారణము. ఒక దళసరి కోటుకంటె పలుచని ఉన్నిబట్టలు నాలుగు వరుసలు మేలు; నూలుబట్ట చెమటను పీల్చి ఒంటికి తడి అంటించును గనుక లోపల దానిని ధరింపరాదు. ఇనుప కడ్డీలను వట్టిచేతితో పట్టరాదు. కెమెరా బ్యాటరీలు చలికి త్వరగా శక్తి కోల్పోవును గనుక వానిని జేబులో ఒంటి వేడికి దాచుకొనవలెను. జనవరి మొదట అచ్చట సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు క్రుంకును. మూడు గంటలకు చేరినచో గడ్డలోని నీలిమను సూర్యకాంతిలో చూచి, పిదప దీపములు వెలుగుట చూడవచ్చును. చివరి వారమునకు టిక్కెట్టు కొనవద్దు. ఎండ తగిలినప్పుడు మొదట కరగునవి సన్నని భాగములు. ముక్కులు, వ్రేళ్లు, ఏనుగుల తొండములు పోయి మొండెములు మిగులును.

సెంట్ పీటర్స్‌బర్గు మేడ 1740 మార్చి చివరివరకు నిలిచెను. కూలినప్పుడు పెద్ద గడ్డలను ఏరి రాజప్రాసాదపు మంచుకొట్టునకు తరలించిరి.