మన వంటలో తెలుగు చిగురు

హైదరాబాదీ వంట అంటే అందరూ బిర్యానీ పేరే ఎత్తుతారు. అది దావత్ వంట. మన ఇండ్లలో రోజూ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేవి ఖట్టీ దాల్, అంబాడే కా సాలన్, ఎండాకాలంలో చిగుర్ గోష్త్.

1591లో నగరం కట్టిన కుతుబ్‌షాహీల కొలువుతో ఇరానీ రుచులు వచ్చినవి. మిరపను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చినారు. పులుపు మాత్రం తెలుగువారి ఇంటిదే. అంబాడా అంటే గోంగూర. 'చిగుర్' అనే మన దఖ్నీ మాట తెలుగు చిగురే. మాటా, రుచీ ఇరుగుపొరుగు నుండి కలిసే వచ్చినవి.

చింతచిగురును అరచేతుల్లో నలిపి, మాంసం ఉడికినాకే వేయాలి. ఎంత వేయాలంటే మన అమ్మలు 'అందాజా' అంటారు. కాగితం మీద పెట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఇండ్లలో ఉర్దూ చదవడం రాని పిల్లలున్నారు. పెద్దలు ఉండగానే అడిగి, ఉర్దూలో కాకుంటే తెలుగులోనైనా రాసి పెడదాం.