కొండ దిగే బండి: భద్రాచలం అడవి అంచున జీపులూ వాటి బ్రేకులూ

భద్రాచలం ఏజెన్సీలో లోపలి ఊళ్లకు మోటారు బండి చేరింది ప్రధానంగా జీపు రూపంలోనే. కమాండర్, ట్రాక్స్, బొలెరో, స్కార్పియో దాని తర్వాతి తరాలు. వీటిలో చాలా బండ్లు ఇక్కడికి కొత్తగా రాలేదు. ఎక్కడో ఎవరి కిందో కొన్నేళ్లు తిరిగి, చేతులు మారి వచ్చాయి. ఈ ప్రాంతపు వాహన చరిత్రలో కొనుగోళ్ల కన్నా మరమ్మతులకే పెద్ద పీట పడటానికి కారణం అదే. ఆ మరమ్మతుల్లోనూ ఇంజనుకు దక్కిన శ్రద్ధ బ్రేకుకు దక్కలేదు. ఇంజను బలం తరం తరానికీ పెరుగుతూ వస్తే, బ్రేకు చాలాకాలం దాని వెనకాలే నడిచింది.

ఇక్కడ దారులే ఆలస్యంగా పడ్డాయి. గోదావరి ఈ చోట చాలాకాలం రెండు పాలనల మధ్య సరిహద్దు. కుడి ఒడ్డున పాల్వంచ నిజాం రాజ్యంలో ఉండేది. ఎడమ ఒడ్డున భద్రాచలం తాలూకా మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. రాములవారి దర్శనానికి వెళ్లేవారు రాజమండ్రి నుంచి లాంచీల్లో ఏటికి ఎదురెక్కేవారు, లేదా కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి, నలభై కిలోమీటర్ల దాకా రోడ్డు మీద ప్రయాణించి, పడవ మీద గోదావరి దాటేవారు. నిజాం రైల్వే సంస్థ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినా, నది అవతలి అడవికి దానితో పెద్దగా పని లేకపోయింది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం వంతెనను ప్రారంభించాకే రెండు ఒడ్లూ రోడ్డుతో కలిశాయి. విజయవాడ నుంచి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లే దారి తర్వాత 221వ జాతీయ రహదారి అయింది. ఇప్పుడది 30వ నంబరు రహదారిలో భాగం.

వంతెన పడేనాటికే జీపు దేశంలో స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు తయారుచేసిన ఈ బండిని, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా సంస్థ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. క్రమంగా ఇక్కడే తయారీకి దిగింది. అటవీ శాఖ, పోలీసు, ఏజెన్సీలో పనిచేసే ఇతర శాఖలు తొలి వాడకందార్లు. ఆ తర్వాత పరిశ్రమలు వచ్చాయి. 1960లలో పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, 1979లో సారపాకలో కాగితపు మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టాయి. సింగరేణి గనులు అంతకు ముందునుంచే ఉన్నాయి. ఆఫీసులు వాడి వాడి పక్కన పెట్టిన జీపును కండెమ్ చేసి వేలం వేస్తే, పాడిన మనిషి దాన్ని షెడ్డుకు చేర్చి, ఇంజను దించి, బాడీకి మాట్లు వేయించి మళ్లీ రోడ్డెక్కించేవాడు. పాత బండి కొని బాగుచేసుకునే అలవాటుకు ఈ వేలాలు ఒక మొదలు. తునికాకు కంట్రాక్టరూ, కలప వ్యాపారీ, సంతలకు జనాన్ని చేరవేసే యజమానీ ఈ దారినే బండ్లు సంపాదించారు.

ఆ తొలి జీపు బ్రేకు ఎలా ఉండేదో వివరంగా చూడాలి. తర్వాతి కథంతా దాని లోపాలను సరిదిద్దిన కథే. నాలుగు చక్రాలకూ తొమ్మిది అంగుళాల డ్రమ్ములు. ఒక్కో డ్రమ్ములో రెండు షూలు, షూల మీద రివిట్లతో బిగించిన లైనర్లు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ గొట్టాల గుండా వెళ్లి వీల్ సిలిండర్లలోని పిస్టన్లను తోస్తుంది. షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఛాసిస్‌కు బిగించి ఉండేది. వాగు దాటితే నీళ్లలో మునిగేది, ఎండాకాలం దుమ్ములో తేలేది. నూనె మట్టం చూడాలంటే ఫ్లోరు మీది చిన్న రేకు విప్పాలి. పైగా సర్క్యూట్ ఒక్కటే. ఏదో ఒక చక్రం దగ్గర హోసు చిట్లిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేరుబాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. ఆ షాఫ్టు జాయింటు తెగితే అదీ లేనట్టే. అరవై హార్స్‌పవర్ ఇంజనుతో, మట్టిదారిలో నెమ్మదిగా నడిచే తేలికపాటి సైనిక వాహనానికి ఈ ఏర్పాటు సరిపోయింది. సంత జీపుకు సరిపోలేదు.

ఈ ప్రాంతం బ్రేకును మూడు రకాలుగా పరీక్షిస్తుంది: నీరు, వాలు, బరువు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. దానిలో పడే వాగులకు చాలాకాలం కల్వర్టులు లేవు. చక్రం సగం మునిగేలా వాగు దాటిన జీపు డ్రమ్ముల్లో నీరు చేరుతుంది. తడిసిన లైనరు జారుతుందే తప్ప పట్టదు. అందుకే ఒడ్డెక్కాక కొంతదూరం పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి నడపడం ఇలాంటి దారుల్లో డ్రైవర్లు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి. ఆ రాపిడి వేడికి లైనర్లు ఆరతాయి. నీటితోపాటు వచ్చిన ఒండ్రు మాత్రం ఆరేది కాదు, డ్రమ్ము లోపలి అంచును గీతలు పడేలా కోస్తుంది.

వాలు ఇంతకన్నా కఠినం. చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్లే ఘాట్ రోడ్డులో మలుపు మీద మలుపు వస్తుంది. రెండు టన్నుల బరువున్న బండి మూడు వందల మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవలసిన శక్తి దాదాపు 59 లక్షల జౌళ్లు. అదే బండిని గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడానికి కావలసింది ఐదు లక్షల జౌళ్ల లోపే. అంటే ఆ దిగుడంతా బ్రేకు మీదే దిగితే, హైవే మీద నిలువునా పన్నెండు సార్లు బ్రేకు కొట్టినంత వేడి పుడుతుంది, మధ్యలో చల్లారే వ్యవధి లేకుండా. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనరు పట్టు తప్పుతుంది. పెడల్ లోపలికి దిగుతూ పోతుంది కానీ బండి ఆగదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న డ్రైవర్ల నియమం వెనక ఉన్నది ఈ లెక్కే. గేరు తగ్గిస్తే ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని ఇంజనే మింగుతుంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్లో దిగేవారు ఈ సాయాన్ని చేతులారా వదులుకుంటారు.

మూడోది బరువు. 1980ల నుంచి డీజిల్ జీపులు, ఆ వెనకే ట్రాక్స్, 1990లలో కమాండర్ వచ్చాక ఏజెన్సీలో సర్వీసు జీపుల కాలం నడిచింది. బస్సు లేని ఊరికి జీపే బస్సు, రోగిని భద్రాచలం ఆసుపత్రికి చేర్చేదీ అదే. లోపల ఒకరి ఒళ్లో ఒకరు, వెనక నిలబడినవారు, పైన మూటలు. కంపెనీ లెక్కగట్టిన బరువు ఎప్పుడో దాటిపోయేది. దీనికి తోడు డీజిల్ ఇంజనుకు ఒక ప్రత్యేకత ఉంది. పెట్రోలు ఇంజనులా గాలిదారిలో వాక్యూమ్ దానంతటదే పుట్టదు. పెడల్‌కు బలమిచ్చే బూస్టర్ పనిచేయాలంటే విడిగా వాక్యూమ్ పంపు కావాలి. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆ పంపు అరిగినా, గొట్టం పగిలినా పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. దిగుడులో ఇంజను ఆపేస్తే ఒకటి రెండు తొక్కుళ్లకే బూస్టర్ ఖాళీ అవుతుంది. ఎన్నో ప్రమాదాలకు దారితీయగల ఈ విషయం చాలామంది డ్రైవర్లకు ఎవరూ చెప్పలేదు.

ఈ ప్రాంతపు మరమ్మతు షెడ్లలో బ్రేకు పని ఒక పద్ధతిగా స్థిరపడింది. చక్రం లేపి చేత్తో తిప్పుతూ, షూ ఒరిసే దాకా ఎడ్జస్టర్ బిగించి, కాస్త వదలడం. గీతలు పడిన డ్రమ్మును లేత్ మీద తిప్పించి నునుపు చేయడం. వీల్ సిలిండర్ కారితే రబ్బరు వాషర్లు మార్చి, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు నిపుల్ విప్పి గాలి తీయడం. ఇవన్నీ మంచి పనులే, ఆ బండ్లను దశాబ్దాల పాటు నడిపినవీ ఇవే. కొరత రెండు చోట్ల ఉంది. డ్రమ్మును పదే పదే తిప్పిస్తే గోడ పలచబడి, వేడికి ఇంకా త్వరగా వ్యాకోచిస్తుంది. దాని గరిష్ఠ వ్యాసానికి ఒక హద్దు ఉంది, దాన్ని కొలవకుండా తిప్పించడం ప్రమాదం. రెండోది బ్రేక్ ఆయిల్. తగ్గితే పోయడమే తప్ప పాతది మొత్తం తీసి మార్చే అలవాటు పడలేదు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఘాట్‌లో మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నొక్కిన బలమంతా బుడగలను అణచడానికే పోతుంది. నాలుగు నెలలు వానలో తడిసే ఈ ప్రాంతంలో రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చడం కన్నా చవకైన భద్రత ఇంకొకటి లేదు.

2002లో స్కార్పియో వచ్చాక లెక్క మారింది. 2.6 లీటర్ల టర్బో డీజిల్, 109 హార్స్‌పవర్, ముందు చక్రాలకు డిస్కులు. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, నీటిని విదిలించేస్తుంది. వేడికి వ్యాకోచించినా, దాన్ని ఇరువైపులా పట్టే ప్యాడ్లకు దూరం జరగదు. మాస్టర్ సిలిండర్లో రెండు సర్క్యూట్లు ఉంటే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. 2011లో ఎక్స్‌యూవీ 500 నాలుగు చక్రాలకూ డిస్కులతో వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఈ మెరుగుదలలు చూసిన పాత జీపుల యజమానులు బొలెరో డిస్కులు, బూస్టర్, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ తెచ్చి తమ బండ్లకు వేయించుకోసాగారు. తగిన కొలతలతో, వెనక డ్రమ్ములతో పాళ్లు కుదిరేలా చేయించుకుంటే జీపుకు అంతకన్నా మేలైన మార్పు లేదు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి బలమైన బండి కొనేవారికి ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. మొదట చూడవలసింది వరద జాడ. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71 అడుగుల పైకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. నీట మునిగిన బండి సీట్లు మార్చి, పాలిష్ పట్టి అమ్మకానికి రావచ్చు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ల పిన్నులు, ఏబీఎస్ సెన్సర్ల తీగలు, బ్రేకు గొట్టాల కింది తుప్పు మాత్రం నిజం చెబుతాయి. డిస్కు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, కొలిచి చూడాలి. ప్యాడ్ మూడు మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగితే కాలిపర్ పట్టేసిందేమో చూడాలి.

హంగులు ఆ తర్వాతి మాట. పెద్ద టైర్లు వేస్తే బండి ఎత్తుగా కనిపిస్తుంది. టైరు వ్యాసం పది శాతం పెరిగితే రోడ్డు మీద బ్రేకు బలం తొమ్మిది శాతం దాకా తగ్గుతుందన్న సంగతి మాత్రం కనిపించదు. వెనక యాక్సిల్ దగ్గర బరువును బట్టి బ్రేకు పంచే వాల్వు ఉన్న బండ్లలో, సస్పెన్షన్ ఎత్తు పెంచి ఆ వాల్వును సర్దకపోతే, బండి ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మంచి ప్యాడ్లు, కొత్త హోసులు, తాజా డాట్ 4 ఆయిల్, సరైన మందమున్న డిస్కులు, ఈ నాలుగూ అయ్యాకే పెద్ద కాలిపర్ల ఆలోచన చేయాలి. కొత్త ప్యాడ్లు వేశాక మధ్యస్థ వేగం నుంచి పలుమార్లు మెల్లగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. ఆ తర్వాతే ఘాట్ ఎక్కించాలి.

మార్పులు చేయించే ముందు చట్టం కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. 2014లో చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక భద్రాచలం దాటగానే రాష్ట్రం మారుతోంది. అవతలి రాష్ట్రపు బండి కొని పన్నెండు నెలలకు మించి ఇవతల ఉంచుకునేవారు నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడి నంబరు తీసుకోవాలి. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే తనిఖీ తప్పదు, ఆ తనిఖీలో బ్రేకును కూడా చూస్తారు.