లెక్కకు అందిన రోగం, రుజువుకు అందని కారణం: పాతబస్తీ క్యాన్సర్ రోగులు, న్యాయసహాయం

భారతీయ వైద్య పరిశోధన మండలి నిర్వహించే జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ఏటా లక్ష మంది పురుషులకు 101.6, లక్ష మంది స్త్రీలకు 136.0 చొప్పున కొత్తగా క్యాన్సర్ వస్తున్నట్లు తేలింది. రొమ్ము క్యాన్సర్ విషయంలో లక్షకు 48.0 రేటుతో ఈ జిల్లా ఆ నివేదికలోని నమోదు కేంద్రాలన్నిటిలోనూ మొదటి స్థానంలో ఉంది. ఇవి వయోసర్దుబాటు రేట్లు. అంటే ఒక ఊళ్లో వృద్ధులు ఎక్కువగా, మరొక ఊళ్లో తక్కువగా ఉండటం వల్ల పోలిక తప్పుదారి పట్టకుండా, అన్ని ప్రాంతాల జనాభాకూ ఒకే వయోవిభజనను అన్వయించి కట్టిన లెక్కలు.

ఈ అంకెలను చూడగానే కాలుష్యాన్ని నిందించడం తేలికే గాని, శాస్త్రం అందుకు ఒప్పుకోదు. అదే నివేదికలో పురుషులలో అత్యధిక రేటు, లక్షకు 269.4, పెద్ద పరిశ్రమలేవీ లేని మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో నమోదైంది. అక్కడి పొగాకు వాడకాన్నీ ఆహారపుటలవాట్లనూ పక్కన పెట్టి ఆ అంకెను వివరించడం సాధ్యం కాదు. హైదరాబాద్ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ పెరుగుదల వెనుక కూడా ఆలస్యంగా తొలికాన్పు కావడం, పాలిచ్చే కాలం తగ్గడం, స్థూలకాయం, పరీక్షలు చేయించుకునేవారు ఎక్కువ కావడం వంటి నగరజీవన కారణాలు ముందు వరుసలో ఉంటాయి. కనుక జిల్లా రేటును చేతబట్టుకొని న్యాయస్థానానికి వెళ్లే రోగి తన వాదాన్ని తానే బలహీనపరచుకున్నట్లవుతుంది.

అసలు చిక్కు నమోదు పద్ధతిలోనే ఉంది. జనాధార నమోదు కేంద్రం, అంటే ఆసుపత్రికి వచ్చినవారితో సరిపెట్టుకోక నిర్ణీత ప్రాంతంలో నివసించే వారందరిలోనూ కొత్త కేసులను లెక్కించే కేంద్రం, రోగిని అతని నివాసాన్ని బట్టి గుర్తిస్తుంది, పనిచేసిన చోటును బట్టి కాదు. మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీ హైదరాబాద్ జిల్లాలోనిది. దానిని ఆనుకొని ఉన్న కాటేదాన్ పారిశ్రామిక వాడ రంగారెడ్డి జిల్లాలోనిది. ఫలక్‌నుమాలో నివసిస్తూ రోజూ కాటేదాన్ కార్ఖానాకు వెళ్లే కార్మికుడు హైదరాబాద్ లెక్కలో చేరతాడు; ఆ కార్ఖానా పక్కనే కాపురముండే తోటి కార్మికుడు చేరడు. పైగా ప్రచురిత నివేదికలలో అంకెలు జిల్లా, లింగం, వయసు, వ్యాధి సోకిన అవయవం వారీగా కనిపిస్తాయే గాని మొహల్లా వారీగా, వృత్తి వారీగా కనిపించవు. సరిహద్దు గీత ఒకచోట, మట్టిలోని విషం మరొకచోట ఉన్నప్పుడు గణాంకం మౌనంగా ఉండిపోవడంలో వింత లేదు.

ఆ విషం మాత్రం ఊహ కాదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కాటేదాన్ మట్టిని పరీక్షించి 2008లో ప్రచురించిన పరిశోధనలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్ వంటివి సహజస్థాయిని మించి ఉన్నట్లు వెల్లడించారు. వీటిలో ఆర్సెనిక్‌నూ, షట్‌సంయోజక రూపంలోని క్రోమియంనూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు నిస్సందేహంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో ఉంచింది. బయటిగాలి కాలుష్యాన్ని 2013లో అదే వర్గంలో చేర్చింది. అయితే ఒక పదార్థం క్యాన్సర్ కలిగించగలదని చెప్పడం వేరు, ఫలానా వ్యక్తికి వచ్చిన క్యాన్సర్ దానివల్లనే వచ్చిందని చెప్పడం వేరు. మొదటిది సమూహాన్ని గురించిన మాట, రెండవది న్యాయస్థానం అడిగే మాట.

ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించగల సూత్రం హైదరాబాద్ తాగునీటి వివాదంలోనే వివరణ పొందడం గమనార్హం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యకారక పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. ఆ పరిధిలో తలపెట్టిన ఒక నూనె పరిశ్రమపై నడిచిన కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో, తన పని హానికరం కాదని నిరూపించుకునే భారం ఆ పని తలపెట్టినవారిపైనే ఉంటుందని 1999లో సుప్రీంకోర్టు వివరించింది. ముందుజాగ్రత్త సూత్రం అంటే ఇదే. కానీ అది రాబోయే హానిని ఆపడానికి పనికివచ్చినంతగా జరిగిపోయిన హానికి పరిహారం రాబట్టడానికి పనికిరాలేదు. పటాన్‌చెరు పారిశ్రామిక కాలుష్య ఉదంతం ఇందుకు సాక్ష్యం: 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన పిటిషన్ 2001లో హైకోర్టుకూ, తరువాత హరిత ట్రిబ్యునల్‌కూ బదిలీ అయి, 2017 దాకా సాగింది, ఆ ప్రయాణంలో పరిహారం చర్చ ప్రధానంగా పాడైన పొలాల చుట్టూ, పోయిన పంటల చుట్టూ తిరిగింది. ఎండిన చేను కంటికి కనిపిస్తుంది, ఎకరాలలో కొలతకు వస్తుంది. ఊపిరితిత్తిలోని గడ్డకు అటువంటి కొలబద్ద లేదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 15వ సెక్షన్ కాలుష్య బాధితులకు పరిహారం ఇప్పించే అధికారాన్ని ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. దరఖాస్తు మాత్రం కారణం మొదట తలెత్తిన నాటినుంచి ఐదేళ్లలోపు చేయాలి. దేహంలో విషం చేరిన తరువాత క్యాన్సర్ బయటపడటానికి పది, ఇరవై, కొన్ని రకాలలో ముప్పై ఏళ్లకు పైగా పట్టవచ్చు. దీనిని గుప్తకాలం అంటారు. ఐదేళ్ల గడువును విషానికి గురైన నాటి నుంచి లెక్కించాలా, రోగ నిర్ధారణ నుంచి లెక్కించాలా అన్నదానిపైనే చాలామంది రోగుల దావా నిలవడమో కూలడమో జరుగుతుంది. ట్రిబ్యునల్ దక్షిణ మండల పీఠం చెన్నైలో ఉంది; కోరిన పరిహారంలో ఒక శాతం రుసుము చెల్లించాలన్న నియమం నుంచి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి మినహాయింపు ఉంది.

కార్మికుడి విషయంలో చట్టం కొంత ఉదారంగా ఉంది. 1923 నాటి పరిహార చట్టం మూడవ షెడ్యూలు వృత్తివ్యాధులను పేర్కొని, నిర్దిష్టమైన పనిలో నిర్ణీత కాలం గడిపినవాడికి ఆ వ్యాధి వస్తే అది పనివల్లనే వచ్చినట్లు, యజమాని అలా కాదని రుజువు చేసేదాకా, భావించమనేది. రాతినార (ఆస్‌బెస్టాస్) వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా అందులో ఉండేది. ఆ ఏర్పాటు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కొనసాగింది. అయినా హాజరుపట్టీ లేని కార్ఖానాలో, ఏ రోజు కూలి ఆ రోజు చేతికి తీసుకునేవాడు తాను అక్కడ పనిచేశానని మొదట నిరూపించుకోవాలి.

జపాన్ ఈ ముడిని మరోరకంగా విప్పింది. మినమాట పాదరస కాలుష్యం వంటి అనుభవాల తరువాత 1973లో చేసిన చట్టం కొన్ని ప్రాంతాలనూ కొన్ని వ్యాధులనూ ముందే ప్రకటించి, ఆ ప్రాంతంలో నిర్ణీత కాలం నివసించి ఉబ్బసం వంటి శ్వాసకోశ వ్యాధికి గురైనవారికి వ్యక్తిగత రుజువు అడగకుండా పరిహారం చెల్లించింది. నిధిలో అధికభాగాన్ని పొగ వదిలే పరిశ్రమల నుంచే వసూలు చేసింది. గాలికి సంబంధించిన ఆ ప్రాంతాలలో కొత్తవారిని చేర్చడం 1988లో ఆపివేసినా పద్ధతి మాత్రం ఆలోచింపజేసేది. తెలంగాణలో ఆ భారం ఆరోగ్యశ్రీ మీద పడింది: రోగికి చికిత్స అందుతుంది, ఖర్చు పన్ను కట్టేవారిది, విషం వదిలినవారి పేరు ఏ పద్దులోనూ కనిపించదు.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం పన్నెండవ సెక్షన్ కింద స్త్రీలు, పారిశ్రామిక కార్మికులు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. రాష్ట్ర సంస్థ కార్యాలయం పురానీ హవేలీలో, అంటే పాతబస్తీ నడిబొడ్డునే ఉంది. రోగి వెళ్లేది మాత్రం 1955లో మొదలై మెహదీ నవాజ్ జంగ్ పేరుతో రెడ్‌హిల్స్‌లో నడుస్తున్న ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రానికి. ఈ రెండు చిరునామాల మధ్య ఉండవలసిన కాగితం వకాలతునామా కన్నా ముందు కేస్‌షీటు. అందులో వృత్తి అన్న గడిలో 'కూలి' అని ఒక్క మాట రాస్తే దావాకు ఆధారం అక్కడే తెగిపోతుంది. ఏ కార్ఖానా, ఏ పని, ఏ లోహం, ఎన్నేళ్లు, అంతకుముందు ఎక్కడ అని రాస్తే అది సాక్ష్యంగా నిలవగలదు. రాతినార కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లపాటు, లేదా పని విరమణ తరువాత 15 ఏళ్లపాటు, వీటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచమని యాజమాన్యాలను ఆదేశించింది. పట్టుమని పదేళ్లు ఒకచోట నిలవని కార్ఖానాల వాడలో అంతకాలం మిగిలే కాగితం ఆసుపత్రి దస్త్రమే.