నీలము ప్రక్క నలుపు

ఉద్యోగమున జేరిన క్రొత్తలో మా చెల్లెలికి సంక్రాంతికై నీలపు చీర యొకటి నేయించితిని. అంచు కాటుకవలె నల్లగా నుండవలెనని నేతగానికి మరిమరి చెప్పితిని. తీరా చూడగా అంచు వెలసినట్లుండెను. నలుగురిలో నతనిని నిందించి కూలిలో ఇరువది రూపాయలు కోసితిని. "పంతులుగారూ, ఆ నూలు విడిగా చూడండి బాబూ" అని యతడు బతిమాలెను. నేను చూడలేదు.

చాలకాలమునకు షెవ్రల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుని చరిత్రము చదివితిని. ఆయన 1786లో పుట్టి 1889 వరకు, నూటరెండేండ్లు బ్రదికెను. 1824లో పారిసునందలి గోబెలిను రాజనేతశాలలో అద్దకపు పనికి అధికారియయ్యెను. అచట గోడలకు వ్రేలాడదీయు చిత్రవస్త్రములు నేయుదురు. నీలపు, ఊదా మడతలలో నీడలకై వాడిన నల్ల ఉన్ని కళదప్పినదని ఫిర్యాదు వచ్చెను. ఆయన పరదేశపు నల్ల ఉన్నిని తెప్పించి పోల్చెను. తమ ఉన్నియందు లోపమేమియు లేదు. లోపము పొరుగుననున్న నీలముది! రెండు వర్ణములు సరసనున్నపుడు ఒకదాని యెదురు వర్ణపు ఛాయ రెండవదానిపై మన కంటికి దోచును. ఎరుపు ప్రక్కదానిపై ఆకుపచ్చ, నీలము ప్రక్కదానిపై నారింజ. ఈ న్యాయమును 1839లో గ్రంథముగా వెలువరించెను.

మేనిచాయకు దగిన వస్త్రములను గూర్చియు నందు వ్రాసెను. గులాబివన్నె గుడ్డ చెక్కిలిని తాకినచో చెక్కిలి కళ తగ్గును గావున నడుమ తెల్లని సన్నని అంచు పెట్టుమనెను. పాలిపోయిన తెల్లని మేనికి లేత ఆకుపచ్చ కొంత యెఱుపు నిచ్చుననెను.

ఆ మార్గముననే 1980లో అమెరికాయందు కేరోల్ జాక్సన్ అను నామె "కలర్ మీ బ్యూటిఫుల్" అను పుస్తకమున మనుష్యులను నాలుగు ఋతువులుగా విభజించెను. పగటి వెలుగున గడ్డముక్రింద రంగురంగుల గుడ్డలు మార్చి మార్చి పట్టి, ముఖము దేనివలన తేటపడునో చూతురు. నల్లనివారు, చామనచాయవారు పెక్కుమంది ఆ లెక్కలో శీతకాలమునకే పోయిరి. ఆరు ఋతువులు గల మనకు, ఒక తల్లి బిడ్డలలోనే నాలుగు చాయలు గల మనకు, ఆ గది యిరుకు. గుడ్డ పట్టి చూచుట మాత్రము మంచి పద్ధతి. "నల్లపిల్లకు నీలమేల" అని మా యింటి పెద్దలు చూడకయే తీర్పు చెప్పిరి.

ఆ చీర మా చెల్లెలి పెట్టెలో నేటికి నున్నది. మొన్న నీలపు భాగమును తెల్లగుడ్డతో గప్పి అంచును మాత్రమే చూచితిని. కాటుకయే. నేతగాడు గతించెను. ఇరువది రూపాయలు తీసికొని అతని కుమారుని యింటికి బోయితిని. "ఇప్పుడెందుకండీ" అని యతడు తీసికొనలేదు.