పడమటి హద్దు

శాలిబండలో మా అమ్మ పుట్టిల్లు 1994లో అమ్మేశారు. ఆ దస్తావేజు మొన్న చదివాను. నాలుగు హద్దులూ మగవాళ్ల పేర్లే. పడమటి హద్దు పక్కింటి ఖాలా భర్త. ఆ గోడలో చిన్న తలుపుండేది. అమ్మమ్మ, ఖాలా వీధిలోకి రాకుండానే అందులోంచి ఒకరింటికొకరు వెళ్లేవాళ్లు. 1990 డిసెంబర్ మతకల్లోలాల తర్వాత దాన్ని ఇటుకలతో మూసేశారు. ఎవరు మూయించారో రెండిళ్ల మగవాళ్లూ చెప్పరు.

సంతకాలు తాతయ్యవీ, మామయ్యలవీ. ఇల్లు పిత్రార్జితమే. కూతుళ్లకూ సమాన వాటా అంటూ మన రాష్ట్రం 1986లో చేసిన చట్టం, 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయినవాళ్లను వదిలేసింది. అమ్మ పెళ్లి 1971లో. (పెళ్లయితే కూతురు కాకుండా పోతుందా?) 2005 కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది గానీ, అప్పటికే అమ్మేసిన ఇళ్ల జోలికి పోలేదు.

వాటా సంగతి అడిగితే అమ్మ, "ఆ తలుపు చెక్క ఎవరు పట్టుకుపోయారో" అంది.