శాసనములో రెండవ సగము

మా చెన్నూరు గోదావరికి ఉత్తరపుటొడ్డున ఉన్నది. నాసిక్కు కొండలలో పుట్టినది మొదలు తూర్పుదిక్కునకే సాగు నది మంథని దాటిన పిమ్మట కొంతమేర ఉత్తరమునకు మరలి, మా రేవులను ఒరసికొని పోయి, తిరిగి తూర్పు పట్టి కాళేశ్వరమున ప్రాణహితతో కలియును. ఈ ఉత్తరవాహిని మూలముననే ఇచ్చటి స్నానమునకు కాశీస్నానముతో సమానమైన ఫలము కలదని పెద్దల నమ్మకము. అగస్త్యమహర్షి ఇచ్చట తపమాచరించి లింగమును ప్రతిష్ఠించెనని స్థలపురాణము. అగస్త్యేశ్వరాలయములోని అఖండదీపము నాలుగువందల యేండ్లకు పైగా కొండెక్కక వెలుగుచున్నదని ఊరివారి మాట. చిరకాలము ఆదిలాబాదు జిల్లాలో తాలూకా కేంద్రమై, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో చేరిన ఈ ఊరు ఏ కాలమునను ఒక మహాసామ్రాజ్యమునకు రాజధాని కాలేదు. రాజధానులు దక్షిణమున అనుమకొండ, ఓరుగల్లు. ఉత్తరమున దేవగిరి, అంతకంటె దూరమున ఢిల్లీ. మాది నడుమనున్న రేవు. కావున మా సీమలో జరిగిన యుద్ధములను, వెలసిన దేవుళ్లను, మారిన ప్రభువులను గూర్చి మనకు తెలిసినదంతయు దాదాపుగా ఇతర స్థలములలో, ఇతరుల ప్రయోజనముకొరకు వ్రాయబడినదే. అట్టి వ్రాతలను ఏ వరుసలో చదువవలెనో, ఏ భాగమును ఎంతవరకు నమ్మవలెనో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట చూడదగినది అనుమకొండ వేయిస్తంభముల గుడిలోని రుద్రదేవుని శాసనము. క్రీ.శ. 1163 జనవరి నాటిది. నున్నగా చెక్కిన నల్లరాతి స్తంభము నాలుగు ముఖములపై వ్రాయబడినది. రచయిత అచింతేంద్రుడను కవి. కాకతీయులు కల్యాణచాళుక్యుల సామంతత్వమును విడిచి స్వతంత్రులైరని చరిత్రకారులు చెప్పుటకు ముఖ్యాధారము ఇదియే. గోదావరి ఇరుదరులవారికి ఈ శాసనము చదువునపుడు ఒడలు జలదరించును. రుద్రదేవుని తండ్రి రెండవ ప్రోలరాజు మంత్రకూటాధిపతియైన గుండరాజును పట్టి, తల గొరిగించి, రొమ్మున వరాహముద్ర వేయించి చంపించెనట. ఆ మంత్రకూటము మా ఎదుటి తీరపు మంథనియే యని పలువురు పండితుల నిర్ణయము. ఆపై రుద్రదేవుడు దొమ్మరాజును జయించెను, మేడరాజు గర్వమణచెను. వీరిలో మొదటివాడు కరీంనగరు చెంతనున్న నగునూరునకు, రెండవవాడు జగిత్యాల సమీపమున నేడు పొలాసయని పిలువబడు పొలవాసకు సంబంధించినవారు. అనగా కాకతీయ సామ్రాజ్యము తన తొలి అడుగులను మన కరీంనగరు సీమలోని చిన్న ప్రభువుల నెత్తిపై పెట్టి నడచినది.

అయితే ఇదే శాసనము చాళుక్య చక్రవర్తి తైలపుడు రుద్రదేవుని భయముచేత అతిసారము పట్టి మరణించెనని చెప్పును. చోడోదయుడను మరియొక ప్రభువు కేవల భయము చేతనే ప్రాణములు విడిచెనట. రాజ్యమునకు తూర్పెల్ల సముద్రము, దక్షిణపుటెల్ల శ్రీశైలము, ఉత్తరపుటెల్ల మాల్యవంతము. కొండలతోను కడలితోను కొలత వేసిన ఈ ఎల్లలు కరణము గొలుసు పట్టి కొలిచినవి కావు. మరి గుండరాజు గుండు చేయించుకొనుట సత్యమా, తైలపుని అతిసారము సత్యమా? ఒకే కవి, ఒకే రాయి, ఒకే ఉలి. ఒకదానిని చరిత్రయనియు, రెండవదానిని అతిశయోక్తియనియు మన ఇచ్చ వచ్చినట్లు విడదీసికొనుటకు అధికారము మనకెవరిచ్చిరి? ఇంత ఘోషించిన ఈ శాసనమే రుద్రదేవునికి మహామండలేశ్వర బిరుదమును వదలక తగిలించినది. అది సామంతుల బిరుదము. కత్తి స్వతంత్రమైనను కలము ఇంకను పాత మర్యాదను పాటించినదన్నమాట. కవి గొంతెత్తి చెప్పినదానికంటె అలవాటుగా వ్రాసిన ఈ బిరుదమే ఆనాటి అధికారస్వరూపమును ఎక్కువగా తెలుపుచున్నది.

మధ్యయుగ శాసనమునకు సాధారణముగా రెండు సగములుండును. మొదటి సగము ప్రశస్తి: వంశము, బిరుదములు, జయములు. రెండవ సగము దానము: ఏ దేవునికి, ఏ ఊరిలో, ఏ చెరువు క్రింద, ఎన్ని మర్తురుల నేల, ఏ హద్దులతో, ఏ తిథినాడు ఇచ్చిరో ఆ వివరము. మన చరిత్రపుస్తకములు మొదటి సగముతో నిండినవి. నా మనవి యేమనగా, రేవుటూరివాడు రెండవ సగముతో మొదలుపెట్టవలెను. ప్రశస్తిలో అబద్ధమాడినవానికి నష్టము లేదు. హద్దులలో అబద్ధమాడినవానితో మరునాడే పొరుగు రైతు తగవునకు వచ్చును. పుట్ట, రావిచెట్టు, వాగు, చెరువుకట్ట అని పేరుపేరున చెప్పిన హద్దులను ఆనాటి ఊరంతయు ఎరుగును. అందులో కవిత్వమునకు చోటు లేదు.

ఈ రెండవ సగములోనే మతము యొక్క నడక కనబడును. ద్రాక్షారామాది క్షేత్రముల శాసనములు చూచిన యెడల, అఖండదీపమనగా కేవలము భక్తి కాదని బోధపడును. దాత గొఱ్ఱెలనో ఆవులనో గుడికి సమర్పించును. గుడివారు వానిని ఒక బోయకు అప్పగింతురు. మంద పెరిగినను తరిగినను అతడును అతని సంతతివారును ఆచంద్రార్కము దినమునకు మానెడు నెయ్యి దీపమునకు పోయవలెను. మా అగస్త్యేశ్వరుని దీపమును చూచి మ్రొక్కువారెవరైనను ఒక్క క్షణము ఈ లెక్కను తలచుకొనవలెను. వందల యేండ్లు ఒక వత్తి వెలుగవలెనన్న దాని వెనుక ఎంత మంద, ఎంత మేత, ఎన్ని తరముల చేతులుండవలెను! రాజ్యములు మారినను దీపమారకుండుట రాజుల ఘనత కాదు, ఆ చేతుల ఘనత.

మతములు ఒకదానినొకటి కబళించెనని ప్రశస్తులవలన తోచును. దానములవలన అట్లు తోచదు. వేములవాడ చాళుక్యుల కాలమున, 10వ శతాబ్దిలో, ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల సమీపపు బొమ్మలగుట్టపై జైనమూర్తులను చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనము వేయించెను. తెలుగు కందపద్యమునకు లభించిన తొలి ఉదాహరణములలో అవి ఎన్నదగినవి. 1117లో కాకతీయుల మంత్రి బేతనయొక్క భార్య మైలమ అనుమకొండ గుట్టపై జైనబసది నిలిపెను. పరమమాహేశ్వరుడని పొగడబడిన రుద్రదేవుని కొలువులోనే గంగాధరమంత్రి విష్ణ్వాలయమును కట్టించి, 1170 నాటి కరీంనగరు శాసనములో తన ధర్మకార్యములను చెప్పుకొనెను. వేయిస్తంభముల గుడి తానే శివ విష్ణు సూర్యులకు మూడు గర్భాలయములు గల త్రికూటము. రాజుకు ఒక దేవుడు, కొలువునకు పలువురు దేవుళ్లు; అధికారము నిలుచుటకు ఈ ఇముడ్పు అవసరమైనది.

శాసనాంతమున శాపముండును: ఈ ధర్మమును హరించినవాడు అరువదివేల యేండ్లు అశుద్ధములో పురుగై పుట్టునని. పైన సూర్యచంద్రులను, కొన్నిట ఆవుదూడలను చెక్కుదురు. ఈ శాపమును మనము నవ్వి వదలుట పొరపాటు. శత్రువులనందరిని భయముతోనే చంపగలిగిన ప్రభువు తాను ఇచ్చిన నాలుగు మర్తురుల నేలను తన తరువాతివాడు లాగికొనకుండ ఆపలేనని ఒప్పుకొన్న చోటు ఇది. ప్రశస్తి అధికారమునకు నోరైతే, శాపము దాని భయము.

శాసనమును చదువుట చేతితో చేయు పని అనికూడ ఇచ్చట చెప్పవలెను. పాతగుడులలో రాతి అక్షరములపై సున్నము, నూనె, కుంకుమ తరములుగా పేరుకొనియుండును. ముందు నీటితోను కుంచెతోను రాతిని కడుగుదురు. తడిపిన కాగితమును దానిపై పరచి, బిరుసు కుంచెతో కొట్టి అక్షరపు గుంటలలోనికి దింపుదురు. తడి కొంత ఆరిన పిదప సిరాగుడ్డతో అద్దుదురు. రాతి పైభాగము నల్లబడును, గుంటలోని అక్షరము తెల్లగా నిలుచును. ఒక్క గీటు తప్పినచో శకసంవత్సరము మారును, దానితో ఒక రాజు ఆయుర్దాయము మారును. ప్రశస్తి భాగము సాధారణముగా కంటి ఎత్తున ఉండుటచేత అందరు చదువుదురు. దానభాగము స్తంభపు మొదట, బురదలోను గచ్చులోను కూరుకొని, తరచుగా సగము చదువబడక మిగులును.

ఇక ఉత్తరమునుండి వచ్చిన గ్రంథములు. 1309లో మాలిక్ కాఫూరు ఓరుగల్లుపై దండెత్తి వచ్చిన కథను అమీర్ ఖుస్రో తన ఖజాయినుల్ ఫుతూహ్‌లో వ్రాసెను. దారిలో సబర్ అను కోట ముట్టడింపబడినది, లోనివారు స్త్రీలతోకూడ అగ్నికి ఆహుతియైరి. ఆ సబర్ మా ఉత్తరమునందలి సిర్పూరని చరిత్రకారులు గుర్తించిరి. సిర్పూరునుండి ఓరుగల్లు చేరవలెనన్న గోదావరి దాటక తప్పదు. కాని ఏనుగులు, గుఱ్ఱములు, వేలకొలది భటులు దిగిన రేవున పంటలేమైనవి, పడవలేమైనవి, పశువులేమైనవి అను చింత ఆస్థానకవికి ఉండదు. ఖుస్రో రచన మన అచింతేంద్రుని రచనకు భాషలో పరాయియైనను జాతిలో తోబుట్టువు. ఒక ఘట్టమున ఉపమానములన్నియు నీటినుండియే, మరియొక ఘట్టమున అన్నియు నిప్పునుండియే తీసి అల్లుట ఆయన నేర్పు. అయినను, ఓరుగల్లు మంటికోట ఉక్కు శూలమునకైనను లొంగనంత గట్టిదని ఆయన వ్రాసినది నేటికిని ఆ కట్టపై నిలిచి చూచుకొనవచ్చును. అలంకారమెంత దట్టమైనను క్రింద నేల ఉన్నచోట మాట నిలుచును.

దీనికి ఆరేండ్ల ముందు, 1303లో వచ్చిన దండు ఓడి మరలినది. ఢిల్లీ చరిత్రకారుడు బరనీ వర్షములవలన సేన చితికినదని చెప్పును. వెలుగోటివారి వంశావళి ఉప్పరపల్లివద్ద పోతుగంటి మైలి, రేచర్ల వెన్నుడు తురుష్కులను తరిమిరని చెప్పును. ఆ ఉప్పరపల్లి మన కరీంనగరు సీమలోనిదే యని పండితుల అభిప్రాయము. ఓడినవారు వానను తప్పుపట్టిరి, గెలిచినవారు తమ తాతలను పొగడిరి. రెండును కలిపి చదివిననే ఒక వానకాలపు యుద్ధము మనకు కనబడును.

1323లో ఓరుగల్లు పడిన తరువాత ప్రతాపరుద్రుని గతి యేమైనది? ముసునూరి ప్రోలయనాయకుని విలసశాసనము ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున మరణించెనని చెప్పును. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము స్వేచ్ఛగా స్వర్గమునకేగెనని చెప్పును. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రములో మాత్రము సుల్తాను తల్లి, పక్కపక్కన నిదురించుచున్న ఇరువురు రాజులను చూచి, తన కుమారునియందు విష్ణువును ప్రతాపరుద్రునియందు శివుని దర్శించి, ఆయనను విడిపించును. మొదటిది క్రొత్త నాయకుని ఉత్థానమునకు అవసరమైన శోకము. రెండవది రాజకుటుంబ గౌరవమునకు అవసరమైన మర్యాద. మూడవది తురుష్కాధికారముతో కలిసి బ్రదుకవలసివచ్చిన తరమువారు కనుగొన్న సమాధానము. ఒక రాజు మరణమును చెప్పుచు ముగ్గురును తమతమ కాలమును చెప్పిరి.

మారన తన మార్కండేయపురాణమును అంకితమిచ్చిన గన్నసేనాని ప్రతాపరుద్రుని సేవకుడు. ఆయనయే ఇస్లామును స్వీకరించి, మాలిక్ మక్బూలై, ఫిరోజ్ షా తుగ్లకునకు వజీరై, ఖానెజహానుగా ఢిల్లీని ఏలెనని చరిత్రకారులు తేల్చిరి. షమ్సే సిరాజ్ అఫీఫ్ అతడు తెలంగాణమువాడనియు, చదువు రాకున్నను బుద్ధిశాలియనియు వ్రాసెను. తెలుగు కృతిపతి, పారసీ గ్రంథమునందలి నిరక్షరాస్యుడైన వజీరు ఒకే మనుష్యుడు. రెండు గ్రంథాలయములలోను చూడనివానికి అతడు ఇద్దరు మనుష్యులుగానే మిగులును.

ఇన్ని గ్రంథములు చెప్పలేని ఒక సంగతిని నల్గొండ జిల్లా చందుపట్ల శాసనము చెప్పినది. రుద్రమదేవి మరణతిథిని ఏ కావ్యమును ఏ చరిత్రమును మనకు అందింపలేదు. పువ్వుల ముమ్మడి అను ఒక సేవకుడు, రుద్రమదేవికిని సేనాని మల్లికార్జుననాయకునికిని శివలోకప్రాప్తి కలుగవలెనని దేవునికి కొంత నేల ఇచ్చి ఒక చిన్న రాయి నాటించెను. దాని తేది 1289 నవంబరు. ఎల్ల చక్రవర్తుల ప్రశస్తులకంటె ఒక నౌకరు చేసిన దానము ఒక మహారాణి కథను ముగించినది.

వ్రాతకు అందనివారిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. మందమర్రి చెంత అడవిలో గాంధారి ఖిల్లా ఉన్నది. మాఘమాసమున నాయకపోడులు అచ్చట మైసమ్మ జాతర చేయుదురు. గోండుల రాజుల కథలను వారి గాయకులైన ప్రధానులు కిక్రి వాద్యమును వాయించుచు పాడుదురు. కోట ఉన్నది, దేవత ఉన్నది, పాట ఉన్నది. ప్రశస్తి వ్రాయించుకొను అలవాటు మాత్రము వారికి లేదు. శాసనము లేనిచోట చరిత్ర లేదనుట రాజులు నేర్పిన పాఠము. ప్రశస్తిని ఎంత జాగ్రత్తతో పరీక్షింతుమో పాటను అంతే జాగ్రత్తతో పరీక్షించి, అంతే గౌరవముతో ఉపయోగింపవలెను.

మంథనినే చూడుడు. ఒక రాతిలో అది గొరగబడిన గుండరాజు నగరము. 1199 నాటి మరియొక రాతిలో గణపతిదేవ చక్రవర్తి తొలినాటి కీర్తిని మోసిన ఊరు. ఈ రెండు రాళ్ల నడుమ ఊరివారు దున్నుచునే యుండిరి, దీపములు వెలిగించుచునే యుండిరి. ఊరిచరిత్ర వ్రాయబూను యువకులు గుడిముందు పలక వ్రాయించునపుడు రాజు బిరుదములను ఒక పంక్తికి తగ్గించి, దానమిచ్చినవాని పేరును, చెరువు పేరును, హద్దులను, నెయ్యి పోసినవారి కులవృత్తిని పెద్దయక్షరములతో వ్రాయింతురుగాక. చక్రవర్తుల పేర్లు ఇతర ఊళ్లలోను దొరకును. ఆ హద్దులు ఇచ్చట తప్ప మరెక్కడను దొరకవు.