పాతిపెట్టిన కాగితాలు: యూదుల ఊచకోత చరిత్ర ఎవరిది?

చరిత్రకు కాగితమే ఆధారం అంటారు. ఆ కాగితం ఎవరి చేతిలో వుంటుందో మాత్రం చెప్పరు. నేను పరిశోధనలో చేరిన కొత్తలో మా తాత చెప్పిన వెట్టి సంగతులు రాసుకుపోతే, ఇవి కథలు, డాక్యుమెంట్లు ఏవీ అన్నారు ఒక ప్రొఫెసర్. ఆ మాట మనసులో గుచ్చుకుని వుండగానే యూదుల ఊచకోత మీద పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. సుమారు అరవై లక్షల మందిని నాజీలు చంపిన చరిత్ర అది. దాన్ని మన బాధతో తూచి చూడడానికి కాదు చదివింది. చావుముందు నిలబడ్డవాళ్లు తమ చరిత్ర తామే రాసుకుంటే ఆ రాత గతి ఏమైందో తెలుసుకుందామని.

1940 నవంబరులో జర్మన్లు వార్సాలోని యూదుల పేటలకు గోడకట్టి మూసేశారు. లోపల నాలుగు లక్షల మందికి పైగా జనం. ఆకలి, టైఫస్ జ్వరం. అదే నెలలో ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు రహస్యంగా ఒక బృందాన్ని కూడగట్టాడు. శనివారాలు కలిసేవాళ్లు గనక దానికి 'ఓనెగ్ షబ్బెస్', అంటే సబ్బాతు సంబరం, అని పేరు పెట్టుకున్నారు. వీళ్లు ఏరి దాచినవి చూడండి: రేషన్ కార్డులు, ట్రాము టికెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు, బడిపిల్లల వ్యాసాలు, జనం చెప్పుకున్న జోకులు. రాహేల్ ఆవర్‌బాఖ్ ఒక గంజికేంద్రం నడుపుతూ, అక్కడికొచ్చి తిని కూడా ఆకలితో చచ్చిపోయినవాళ్ల గురించి రాసింది. యూదు పోలీసుల లంచాలు, డబ్బున్నవాళ్ల విందులు, ఆ గుమ్మం ముందే చచ్చిన పిల్లలు, అన్నీ రాశారు. మనవాళ్ల పరువు పోతుందని దాచలేదు. మన వుద్యమ చరిత్రలు రాసేవాళ్లు ఇది గమనించాలి.

1942 జులై 22న జనాన్ని ట్రెబ్లింకాకు రైళ్లలో తోలడం మొదలైంది. ఆగస్టు మొదట్లో ఆ కాగితాలను పది రేకుపెట్టెల్లో పెట్టి ఒక బడి నేలమాళిగలో పాతిపెట్టారు. 1943 ఫిబ్రవరిలో మరికొన్నిటిని రెండు పాలక్యాన్లలో పెట్టి అక్కడే పాతారు. 1944 మార్చిలో రింగెల్‌బ్లూమ్‌నీ, భార్యనీ, కొడుకునీ దాక్కున్నచోట పట్టుకుని చంపేశారు. అరవై మంది దాకా వున్న ఆ బృందంలో యుద్ధం అయ్యాక మిగిలింది ముగ్గురు.

ఇక పండితుల సంగతి. 1945-46 నూరెంబర్గ్ విచారణ ప్రధానంగా జర్మన్ల దస్తావేజుల మీదే నడిచింది. 1961లో రాల్ హిల్‌బర్గ్ రాసిన పెద్ద గ్రంథానికీ అవే ఆధారం. గొప్ప పుస్తకమే, కాదనను. గుమాస్తాల వుత్తరాలు, రైల్వే కాగితాలు విప్పి హత్యాయంత్రం ఎట్లా తిరిగిందో చూపించాడు. కానీ అందులో నోరున్నది చంపినవాళ్ల ఫైళ్లకే.

1961లో యెరూషలేములో ఐఖ్‌మన్ విచారణ దాకా బతికినవాళ్లు మౌనంగా వున్నారని చాలాకాలం చెప్పుకొచ్చారు. అది తప్పని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. 1944 ఆగస్టులోనే, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, పోలండులోని లుబ్లిన్‌లో యూదుల చరిత్ర సంఘం పెట్టుకుని సాక్ష్యాలు రాసుకోసాగారు. అవి వేలల్లో వచ్చాయి. వూరూరివాళ్లు చందాలేసుకుని, చనిపోయినవాళ్ల పేర్లతో స్మారక గ్రంథాలు వందలాది అచ్చేసుకున్నారు. వాటిలో చాలా భాగం ఇడ్డిష్‌లో, హీబ్రూలో వుంది. విశ్వవిద్యాలయాలకు ఆ భాషలు పట్టలేదు. మౌనం ఎవరిది మరి? వినేవాళ్లు లేకపోతే మాట్లాడేవాణ్ణి మూగవాడంటారా?

1954లో యాద్ వషేమ్ సంస్థలో సాక్ష్యాల విభాగం పెట్టి నడిపింది మన ఆవర్‌బాఖ్. ఐఖ్‌మన్ విచారణలో బాధితులను బోనెక్కించడానికి పట్టుబట్టినవాళ్లలో ఆమె వుంది. నూరుమందికి పైగా సాక్షులు అక్కడ మాట్లాడారు. బాధితుల డైరీలనూ జర్మన్ ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి సాల్ ఫ్రీడ్‌లాండర్ రాసిన రెండు సంపుటాలు రావడానికి 1997, 2007 దాకా ఆగాల్సొచ్చింది. ఓనెగ్ షబ్బెస్ గురించి శామ్యూల్ కాసోవ్ రాసిన పుస్తకం కూడా 2007లోదే.

రేకుపెట్టెలను 1946 సెప్టెంబరులో శిథిలాల్లోంచి తీశారు. చోటు తెలిసిన మనిషి ఒకడు, హెర్ష్ వాసర్, బతికి వుండబట్టి. పెట్టెల్లోకి నీళ్లు దిగాయి, చాలా కాగితాలు నాని పాడయ్యాయి. పాలక్యాన్లు 1950 డిసెంబరులో బయటపడ్డాయి, వాటిలోవి బాగానే వున్నాయి. దొరికింది మొత్తం ముప్పై అయిదు వేల పేజీల దాకా. 1999లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 1943లో ఇంకోచోట పాతిన మూడో భాగం కోసం తర్వాత కూడా తవ్వారు. అది దొరకలేదు.